ఊఁ కొట్టే గొంతు

ఉప్పు మడుల మధ్య మట్టికట్ట మీద కొంత దూరం పోయి ఆటో ఆగింది.

"ఇక్కణ్ణించి నడవాల్సిందేనమ్మా. చక్రం దిగబడిందంటే నువ్వూ నేనూ కలిసి నెట్టుకోవాలి," అన్నాడు ఆటో అతను.

హైమావతి సంచి భుజానికి తగిలించుకుని దిగింది. కట్టకి రెండు పక్కలా మడుల్లో నీళ్ళు ఇగిరి ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. ఎదురుగా, తుమ్మ కూడా మొలవని చోట, సున్నం కొట్టిన పాత బంగళా ఒక్కటే నిలబడి ఉంది. దాని వెనక సముద్రం. కనుచూపు మేరలో మనిషి లేడు.

"ఆ నోరుమూతల బంగళాలో నీకేం పని?"

"నా గురించి నేను ఆలోచించుకుందామని."

అతను ఎగతాళి చేస్తాడనుకుంది. చెయ్యలేదు. "ఇంటికాడ కుదర్లా?" అన్నాడు.

"కుదిరితే ఇంత దూరం ఎందుకొస్తానయ్యా?"

నిజంగానే కుదరలేదు. హైమావతికి నలభై ఆరేళ్ళు. కుట్టుమిషను మీద బతుకుతోంది. భర్త లారీ డ్రైవరు, నాలుగేళ్ళ కిందట పోయాడు. అప్పటి నుంచి ఇంట్లో ఆమె, అత్త నాగరత్తమ్మ, మిషను. ఆ మధ్య పిండిమిల్లు రంగధామం ఇంటికొచ్చాడు. ఆయనకీ భార్య లేదు. అత్త ఎదురుగానే కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మనం పెళ్ళి చేసుకుందామా అని హైమావతిని మర్యాదగా అడిగాడు. తిరునాళ్ళ లోపల ఏదో ఒకటి చెప్పమన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె తలలో సంత పెట్టినట్టయింది. సూదిలో దారం ఎక్కిస్తుంటే అత్త గొంతు: "పోతే పో. నన్ను ఏ సత్రంలోనో పారేసి పో." బట్ట కత్తిరిస్తుంటే అన్న యోగయ్య గొంతు: "ఈ వయసులో పరువు తియ్యమాక. ఆ బ్యారన్ స్థలం నాకు రాసిచ్చి మా ఇంట్లోనే ఓ పక్కన పడుండు." ఆ స్థలం తండ్రి ఆమెకి పసుపు కుంకుమ కింద ఇచ్చింది. పొగాకు వెయ్యడం మానేశాక, ఆకు ఆరబెట్టడానికి అందులో కట్టిన బ్యారన్ పాడుబడి ఉంది. అత్తేమో దాన్ని అమ్మి ఇల్లు బాగుచేయించమంటుంది. రంగధామం అక్కడ రెండో మిల్లు పెడదామంటాడు. "మీరేం ఆలోచించొద్దు, అన్నీ నేను చూసుకుంటా" అన్న ఆయన గొంతు కూడా పొద్దున లేస్తూనే వినపడడం మొదలైంది. భర్త గొంతు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆయన ఇంట్లో ఉన్నది తక్కువ, మాట్లాడింది అంతకంటే తక్కువ. ఆమెలో కాపురం పెట్టేంత తీరిక ఆ గొంతుకి దొరకనే లేదు.

ఇంతమంది మాట్లాడుతుంటే హైమావతికి ఏం కావాలో హైమావతికి ఎలా తెలుస్తుంది?

ఈ బంగళా సంగతి ఆమెకి టోపీల వల్ల తెలిసింది. డాక్టర్ నిరంజన్ అని ఒకాయన కారులో ఊళ్ళోకొచ్చి, మెత్తటి నూలుబట్టతో తలకి అతుక్కునేలా టోపీలు కుట్టమన్నాడు. ఇవెందుకండీ అని అడిగితే విడమరిచి చెప్పాడు. మనం సొంత ఆలోచన అనుకునేదాంట్లో సగం మన తలలో చేరిన మనుషుల గొంతులే. వాటిని కాసేపు ఆపగలిగితే, కొన్నాళ్ళు ఒంటరిగా కూర్చుని మిగిలిన జీవితం ఎలా బతకాలో ఎవరికి వారు తేల్చుకోవచ్చు. దానికి యంత్రం తయారైంది. కూర్చునే మనుషులు కావాలి.

"అయితే ఒక టోపీ నాకే పెట్టండి," అంది హైమావతి, దారం పంటితో తెంపుతూ.

*

మొదటి రోజు డాక్టరు ఆమెని వంటింట్లోనే కూర్చోబెట్టాడు. తలకి ఆమె కుట్టిన టోపీయే తొడిగాడు. లోపలి అంచుకి తను వేసిన జంటకుట్టు చెవి పైన తగులుతోంది. ఇప్పుడు ఆ బట్టలోంచి వెంట్రుకల్లాంటి తీగలు బయటికొచ్చి, గోడవార ఉన్న యంత్రంలోకి పోతున్నాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"ఉప్పు వెయ్యండి."

హైమావతి చెయ్యి గిన్నె మీదికి వెళ్ళి ఆగింది.

"ఇప్పుడెవరు మాట్లాడారు?"

"మా అత్త. నీ చేతి ఉప్పు చూస్తే సముద్రం కూడా సిగ్గుపడుద్ది అంటది."

తెర మీద నల్లటి తల బొమ్మలో ఒక మూల మిణుగురు వెలిగినట్టు వెలిగింది. డాక్టరు ఒక మీట మెల్లిగా తిప్పాడు. ఆమె చెవి పైన వెచ్చగా తగిలింది. మిణుగురు ఆరిపోయింది.

"మళ్ళీ వెయ్యండి."

వేసింది. రుచి చూసింది. ఇంకొంచెం వేసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ తను చప్పటి పప్పు తింటోందని హైమావతికి అప్పుడు తెలిసింది.

కాసేపు నవ్వి, తర్వాత భయపడింది. "ఆవిడకేం కాదు గదండీ?"

"ఆవిడకేమవుతుంది? మీ తలలో ఆవిడ వేసుకున్న కుర్చీ తీసి బయట పెట్టాం, అంతే. ఇంటికెళ్ళి నాలుగు తిట్లు తింటే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది."

సాయంత్రానికి యోగయ్య కుర్చీ బయట పడింది. మర్నాడు రంగధామానిది. ఆ తర్వాత డాక్టరు ఆమెని గదికి పంపి, ఇక ఎవరితోనూ మాట్లాడకుండా ఆలోచించుకోమన్నాడు. ఫోను లేదు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, సముద్రం వైపు ఒక కిటికీ. మిగతా గదుల్లో ఎవరో ఉన్నారు. అడుగుల చప్పుడే తప్ప మొహాలు కనపడవు.

ఆ ఒంటరితనం ఆమెకి మొదట కొత్త చీరలా గరగరలాడింది. తర్వాత ఒంటికి అలవాటైంది. పొద్దున్నే ఒడ్డున నడిచేది. ఆమె సముద్రం చూడడం అదే మొదటిసారి.

'ఇదేరా మేక చూడాలనుకుంది,' అనుకుంది, తడిసిన ఇసుకలో నిలబడి.

ఊఁ, అంది లోపల ఏదో.

'మనం అనుకున్నంత నీలంగా లేదు.'

ఊఁ.

ఆమె దాన్ని పట్టించుకోలేదు. మనిషి తన ఊపిరి చప్పుడు తను పట్టించుకుంటాడా? చిన్నప్పటి నుంచీ ఆమె ఏది అనుకున్నా, ఆ అనుకున్నదాని చివర ఆ చిన్న ఊఁ ఉంది. పెద్దగొంతులన్నీ ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడది కాస్త స్పష్టంగా వినపడుతోంది, అంతే. అది వినపడుతుంటే ఆలోచన దారంలా సాఫీగా జారుతోంది. ఎక్కడా చిక్కు పడటం లేదు.

అలా ఒక మధ్యాహ్నం, కిటికీ దగ్గర కూర్చుని ఆమె తన బతుకుని వరసగా చెప్పుకుంటూ వచ్చింది. రంగధామం మంచివాడు. ఊఁ. పరాయివాడనిపించడు. ఊఁ. అయినా నాకు ఆయన వద్దు. ఊఁ. ఆయనే కాదు, అన్న ఇంట్లో ఆ పక్కనా వద్దు. ఊఁ. నేను పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉన్నాను. ఊఁ. నాకు కావలసింది...

తలుపు తట్టారు. డాక్టరు పిలుస్తున్నాడు.

*

"ఒకటి మిగిలిపోయింది," అన్నాడు నిరంజన్. తెర మీద బొమ్మ చూపించాడు. మిగిలిన తలంతా చీకటిగా ఉంది. బాగా లోపల, ఒక చిన్న చుక్క వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది.

"మీ అత్తగారిది ఉప్పు దగ్గర వెలిగింది. మీ అన్నగారిది స్థలం మాటెత్తితే వెలిగింది. ఇది అలా కాదు. మీరు ఏమనుకున్నా వెనకాలే వెలుగుతోంది. అందరికంటే పెద్ద పెత్తనం దీనిదే."

"అది పెత్తనం చెయ్యదండీ."

"మరేం చేస్తుంది?"

హైమావతికి చెప్పడానికి సిగ్గేసింది. "ఊరికే ఊఁ అంటది."

"ఎవరు?"

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. అంతవరకూ ఆ గొంతు ఎవరిదని ఆమె ఎప్పుడూ అడగలేదు. చిన్న గొంతు. ముక్కుతో అన్నట్టుగా, జలుబు చేసిన పిల్లాడి గొంతు.

"మా తమ్ముడు. కొండిగాడు." తర్వాత తనంతట తనే చెప్పింది. "లేడు లెండి. చిన్నప్పుడే పోయాడు."

డాక్టరు కొంచెం ఆగాడు. ఆ ఆగడంలో ఏదో ఉందని హైమావతికి తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం అతను మామూలుగానే అన్నాడు. "చూడండి, వద్దు అనేవాళ్ళకి మనం ఎదురు తిరగగలం. ఊఁ అనేవాళ్ళకే లొంగిపోతాం. మీకు కావలసింది పూర్తిగా మీ సొంత గొంతు. అవునా?"

అవును. అందుకే గదా ఉప్పు మడులు దాటి వచ్చింది. ఇంకొక్క మెట్టు ఉందని డాక్టరే చెబుతుంటే మధ్యలో ఆగడం ఎందుకనిపించింది.

"సరే, తియ్యండి," అంది.

చెవి పైన వెచ్చగా తగిలింది.

గదికొచ్చి అదే కిటికీ దగ్గర కూర్చుంది. ఎక్కడ ఆపిందో గుర్తుంది. నాకు కావలసింది...

మాట అక్కడే నిలబడింది. ఆమె ఎదురుచూసింది. సముద్రం చప్పుడు వస్తోంది. నాకు కావలసింది. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టింది. రంగధామం మంచివాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ మాట గదిలో పడిపోయి ఉంది, ఎవరూ తియ్యలేదు. పరాయివాడనిపించడు. అదింకో చోట పడింది. ఒకదానికొకటి సంబంధం లేదు.

అంతకుముందు ఉన్నది నిశ్శబ్దం. ఇది వేరు. ఫోనులో అవతలివాళ్ళు ఎప్పుడో పెట్టేశారని, ఇంతసేపూ తను ఒక్కతే మాట్లాడుతోందని తెలిసినప్పుడు చెవిలో ఉండేది ఇది.

*

తెల్లారాక ఆమె వరండాలోకి వెళ్ళింది. నిరంజన్ ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"నా తమ్ముణ్ణి నాకిచ్చేయండి," అంది.

అతనికి విషయం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె ఏది చెప్పబోయినా సగంలో ఆగిపోవడం చూసి టీ కప్పు పక్కన పెట్టాడు.

"నేను గొంతు తీసేస్తానంతే. మళ్ళీ పెట్టలేను. ఎవరిది వాళ్ళే వచ్చి పెట్టుకోవాలి."

"వాడెక్కణ్ణించి వస్తాడు?"

"రాడని తెలుసు." ఉప్పు మడుల వైపు చూశాడు. "నిన్ననే తెలుసు. ఒక క్షణం చెబుదామనుకున్నాను. తెర మీద అంత శుభ్రంగా ఉన్న తల ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క చుక్క కూడా పోతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది."

హైమావతి ఏదో అనబోయింది. అనడానికి మాట కుదరలేదు.

"ఈ యంత్రం మొదట నా మీదే వాడాను," అన్నాడు నిరంజన్. "మా అమ్మ గొంతు తీసేసుకున్నాను. ఇవన్నీ మానేసి పెళ్ళి చేసుకోరా అని ఒకటే నస. అప్పటికి బతికే ఉంది. ఎప్పుడైనా ఇంటికెళ్ళి రెండు మాటలు వింటే తిరిగొస్తుందిలే అనుకున్నాను. పనిలో పడి వెళ్ళలేదు. అనుకున్నవన్నీ సాధించాను. ఈలోపు ఆవిడ పోయింది."

"రికార్డులేం లేవా?"

"ఫోనులో ఉన్నాయి. వింటాను. ఎవరో పెద్దావిడ ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. మనం ఒకటంటే తను ఒకటనాలి. అలా అయితేనే గొంతు లోపలికొచ్చి కూర్చుంటుంది." అతను కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "మీరు చెప్పండి. నేను ఊఁ కొడతాను. పనికొస్తుందేమో చూద్దాం."

హైమావతి ప్రయత్నించింది. "మా ఊళ్ళో పొగాకు బ్యారన్ ఉండేది."

"ఊఁ."

"ఆకు అల్లేటప్పుడు మా తమ్ముడు..."

"ఊఁ."

అది రోగం అడిగి చీటీ రాసే మనిషి ఊఁ. ఆమె ఆపేసింది. ఎందుకాపిందో అతనికి తెలియలేదు. తను పోగొట్టుకున్నది ఏమిటో తెలియని మనిషి అంతకంటే బాగా ఊఁ కొట్టలేడు. ఆమెకి అతని మీద కోపం రావాల్సింది. జాలి వచ్చింది. అది కూడా సగమే వచ్చి ఆగింది.

ఆమె మట్టికట్ట ఎక్కేటప్పటికి అతను లోపలికెళ్ళి యంత్రం ఉన్న గదికి తాళం వేస్తున్నాడు. మిగతా గదులవాళ్ళని పంపించడానికి వేశాడో, తను ఒంటరిగా ఉండడానికి వేశాడో ఆమె అడగలేదు.

*

ఇంటికొచ్చాక నాగరత్తమ్మ కుర్చీ తిరిగి రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏందే ఈ పప్పు? ఉప్పు మడుల కాడ ఉండొచ్చి ఉప్పంతా మూటగట్టుకొచ్చావా?"

మర్నాడు గిన్నె దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది. యోగయ్య ఫోను చేశాడు. స్థలం సంగతి ఎత్తి, పరువు దాకా వచ్చి, పెట్టేసేలోపు ఆమె తలలో తన చోట తను కూర్చున్నాడు. వీధిలో రంగధామం గొంతు వినపడితే లోపల కూడా వినపడడం మొదలైంది. అందరూ వచ్చేశారు. వచ్చి, ఎప్పటిలాగే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు.

ఇంతకుముందు వాళ్ళు చెప్పినదంతా ఆమె లోపలికి తీసుకెళ్ళి ఇంకొకరికి చెప్పుకునేది. చూశావా అత్త ఏమందో. ఊఁ. దానికి నేనేమన్నానంటే. ఊఁ. ఆ ఊఁ దగ్గర మాట పదును పోయి తనదయ్యేది. ఇప్పుడు వాళ్ళ మాటలు వచ్చినవి వచ్చినట్టు గుమ్మంలో పడి ఉంటున్నాయి. తీసేవాళ్ళు లేరు.

మిషను దగ్గర కూర్చుంటే చేతులు మర్చిపోలేదు గానీ, దీని తర్వాత అది అనే వరస పోయింది. ఒకరి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించింది. బిందె పట్టుకుని పంపు దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

నాగరత్తమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది. "ఏందమ్మాయ్, కరెంటు పోయిన మిక్సీ లాగా మధ్యలో ఆగిపోతన్నావ్? ఆ బంగళాలో ఏం జేశారే నిన్ను?"

"ఏం చెయ్యలేదు అత్తా. కూర్చోబెట్టారంతే."

"కూర్చుంటే ఇట్టా అవుద్దా? నేను పదేళ్ళుగా కూర్చునే ఉన్నా గదా!"

హైమావతికి నవ్వొచ్చింది. చెబుదామనుకుంది. అత్త మంచం పక్కన కింద కూర్చుని మొదలెట్టింది. "అత్తా, నాకు కొండిగాడని ఒక తమ్ముడుండేవాడు."

"తెలుసులేవే. జొరమొచ్చి పోయాడు. మా ఆడబిడ్డ కొడుకూ అంతే. వాడికి చేసినన్ని మందులు..." ఆడబిడ్డ కొడుకు కథ చాలా దూరం పోయింది. నాగరత్తమ్మ వినే మనిషి కాదు. చెప్పే మనిషి. ఆవిడ చెప్పేవన్నీ వినడానికే ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో హైమావతి ఉంది.

తిరునాళ్ళకి ముందు రంగధామం వచ్చాడు. చొక్కా మీద పిండి దులుపుకుని గడపలోనే నిలబడ్డాడు.

"లోపలికి రండి," అంది హైమావతి. ఈయనకి చెప్పి చూద్దామనిపించింది. వినే మనిషైతే అన్నీ చెప్పొచ్చు. "మీకొక సంగతి చెప్పాలి. నేను ఆ బంగళాకి పోయాను గదా, అక్కడ..."

"తెలుసు, విన్నాను. మీ మనసు బాలేదు. అర్థం చేసుకోగలను."

"అది కాదండీ. చిన్నప్పుడు నేను కథలు చెప్పేదాన్ని..."

"నాకర్థమైంది. తోడు లేక ఇదంతా. ఒక్కరే ఉంటే ఎవరికైనా ఇంతే. ఇకనుంచీ మీరేం ఆలోచించొద్దు. మిల్లు పని నేను చూస్తా, అత్తగారికి ఒక గది వేయిస్తా. ఆ బ్యారన్ పడగొట్టిస్తే చోటు బోలెడుంది. ఏమంటారు?"

అతని మొహంలో కపటం ఏమీ లేదు. నిజంగానే చూసుకుంటాడు. ఆ మాట ముందు తను వేయాల్సిన అడుగేదో హైమావతికి తట్టలేదు. వద్దనడానికి ఒక మాట కావాలి, ఆ మాట వెనక ఇంకో మాట కావాలి. ఔననడానికి అవేం అక్కర్లేదు. తల ఊగితే చాలు. ఆమె తల కొద్దిగా ఊగింది.

"అయితే ఖాయం చేసుకోనా?"

నాగరత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"రేపు చెప్తా," అంది హైమావతి. ఆ రెండు మాటలూ కలపడానికి ఆమెకి చెమట పట్టింది.

*

ఆ మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఆమె బ్యారన్ దగ్గరికి వెళ్ళింది. పైకప్పు రేకులు సగం లేచిపోయాయి. ఎత్తైన ఇటుక గోడల మధ్య ఎండ చతురస్రంలా నేల మీద పడింది. ఎన్నేళ్ళయినా ఆ గోడల్లో పొగాకు వాసన పోలేదు. ముక్కు పుటాలు మండాయి.

ఇక్కడే, బయట పందిరి నీడలో, అమ్మా మిగతా ఆడవాళ్ళూ వరసగా కూర్చుని కర్రలకి ఆకు అల్లేవాళ్ళు. ఆకందించడం హైమావతి పని. కొండిగాడిని ఆడించడం కూడా ఆమె పనే. ఒక చేత్తో ఆకులు అందిస్తూ వాడికి కథ చెప్పేది. వాడు ఊఁ కొట్టేవాడు. వాడు ఊఁ అంటేనే కథ కదిలేది. వాడు ఆపితే ఆమె ఆపేది. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

ఆ రోజు వాడికి జొరం. గోనెపట్టా మీద పడుకుని మేక కథ చెప్పమన్నాడు. ఒక కుంటి మేక సముద్రం చూడడానికి బయల్దేరే కథ. ఆమె అప్పటికప్పుడు కల్పించి చెబుతోంది. మేక వాగు దాటింది. ఊఁ. మేకకి ముల్లు గుచ్చుకుంది. ఊఁ. మేక ఒక చింతచెట్టు కింద పడుకుంది.

హైమావతి నేల మీద కూర్చుంది. అక్కడి దాకా గుర్తుంది. ఆ తర్వాతది ఇన్నాళ్ళూ ఎప్పుడూ గుర్తు తెచ్చుకోలేదు. ఇప్పుడు లోపల ఊఁ అనేవాళ్ళు లేరు కాబట్టి, ఖాళీ ఇంట్లో గోడ మీద పాత మరక కనపడినట్టు కనపడింది.

ఊఁ రాలేదు.

ఒప్పందం ప్రకారం ఆమె ఆపాలి. ఆపితే వాడు వినడం లేదని అర్థం. ఆమె ఆకులందించడం ఆపలేదు, అమ్మ వైపు చూడలేదు, పట్టా వైపు చూడలేదు. తనే ముక్కుతో, జలుబు చేసినట్టు, ఊఁ అంది. మేక లేచింది. మళ్ళీ తనే ఊఁ అంది. మేక నడిచింది. ఊఁ. అమ్మ వచ్చి వాడి నుదురు మీద చెయ్యి పెట్టి అరిచేదాకా ఆమె అలా వాడి గొంతుతో ఊఁ కొట్టుకుంటూ చెబుతూనే ఉంది. ఆ తర్వాత కూడా మానలేదు. పైకి అనడం ఒక్కటే మానేసింది.

అంటే ఆ యంత్రం తీసింది కొండిగాడి గొంతు కాదు. వాడు అప్పుడే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ అన్నది తనే.

ఆమె ఏడవలేదు. ఎండ చతురస్రం నేల మీద కొంచెం పక్కకి జరిగింది. దూరంగా ఎవరిదో ట్రాక్టరు పోతోంది.

"కుంటి మేక," అంది పైకి. గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చింది. "కుంటి మేక సముద్రం దగ్గరికి వచ్చింది."

ఎవరూ ఏమీ అనలేదు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఊఁ," అంది.

కొండిగాడిలా రాలేదు. ముక్కుతో అనబోతే బొంగురుగా, నలభై ఆరేళ్ళ ఆడమనిషి గొంతులా వచ్చింది. వాడిక లేడు. ఇన్నేళ్ళ తర్వాత, ఆ నిమిషంలో, వాడు నిజంగా పోయాడు. ఆ సంగతి ఆమె ఎదురుగా కాసేపు కూర్చుంది. ఆమె దాన్ని కూర్చోనిచ్చింది.

"సముద్రం అనుకున్నంత నీలంగా లేదు," అంది తర్వాత.

"ఊఁ."

"అక్కడ ఒక బంగళాలో ఒకాయన మేక గొంతు మేకకిస్తానన్నాడు."

"ఊఁ."

"ఉన్నది కూడా పోగొట్టాడు. పాపం, ఆయనది ముందే పోయింది."

"ఊఁ."

"మేక ఇంటికొచ్చింది. అక్కడ ఒక ముసలి అత్త మేక ఉంది. అది ఎవరి మాటా వినేది కాదు." ఆమెకి నవ్వొచ్చింది. "ఊఁ. పిండిమిల్లు ఆయన వచ్చి, నువ్వేం ఆలోచించొద్దన్నాడు. ఊఁ. మంచివాడే. ఊఁ. కానీ మేకకి ఆలోచించుకోవడం కావాలి. ఊఁ. పెళ్ళి వద్దని ఇవాళ తనే వెళ్ళి చెప్పుద్ది. ఊఁ. స్థలం రాసివ్వనని అన్నకి కూడా తనే చెప్పుద్ది."

"ఊఁ."

మాటలు దారంలా జారడం లేదు. సూదిలోకి ఎక్కించినట్టు ఒక్కొక్కటీ కళ్ళు చికిలించి ఎక్కించాల్సొస్తోంది. అయినా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆమె పైకప్పు వైపు చూసింది. ఆ సగం రేకులు వేయిస్తే వాన రాదు. కింద మిషను పెట్టుకోవచ్చు. ఆ గోడవార అత్త మంచం పడుతుంది. ఆవిడ వస్తానంటుందా? తిట్టుకుంటూ వస్తుంది.

బంగళా కిటికీ దగ్గర తెగిపోయిన మాట దగ్గరికి ఆమె చేరుకుంది. ఇంతసేపూ దాని కోసమే నడిచింది. ఇప్పుడు చెబితే వినేవాళ్ళు ఈ నాలుగు గోడల్లో ఒక్కరూ లేరు. రేపూ ఉండరు.

"నాకు కావలసింది ఈ చోటు," అంది హైమావతి.

ఆగింది. ఎండలో దుమ్ము మెల్లిగా తిరుగుతోంది.

"ఊఁ," అంది తనే. "తర్వాత?"